మందునకు లొంగని క్షయక్రిమి

గత సంవత్సరము పదవ తరగతిలో సూక్ష్మజీవులను గూర్చిన పాఠము ముగించి మేము పుస్తకము మూయుచుండగా, వెనుకబల్లపై గూర్చుండు నొక విద్యార్థి లేచి నిలిచెను. అతడు సాధారణముగా తరగతిలో నోరు విప్పువాడు కాడు. "అయ్యా! మా నాయనగారికి క్షయ తిరుగబెట్టినది. వెనుకటి మందులకు క్రిమి లొంగుట లేదని వైద్యులు చెప్పిరి. మందు మ్రింగుటచేతనే క్రిమి మారినదా? లేక మారిన క్రిమి ముందుగనే యుండెనా?" అని యడిగెను. ఒక క్షణమాగి, "ఇది మా నాయనగారి తప్పేనా?" అని తలవంచుకొనెను.

మొదటి ప్రశ్నను గూర్చి శాస్త్రజ్ఞులు పెక్కుకాలము చర్చించిరి. రెండవ ప్రశ్నకు సమాధానము మొదటి దానియందే యిమిడియున్నది. నాడు గంట మ్రోగుటచే మేము చెప్పవలసినదంతయు చెప్పజాలకపోతిమి. కావున ఆ తండ్రి కొడుకుల యనుమతి గైకొని, వారి పేరు తెలుపక, ఆ ప్రత్యుత్తరమును మన విద్యార్థులందరి కొరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా క్షయక్రిమి యెట్టిదో తెలిసికొనవలయును. జర్మనీ దేశీయుడగు రాబర్ట్ కోచ్ అను వైద్యుడు 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీని బెర్లిను నగరమున, క్షయకు కారణము ఒక సూక్ష్మజీవియేయని నిరూపించి చూపెను. అది సన్నని పుల్లవలె నుండును. దాని చుట్టును మైనమువంటి క్రొవ్వుపదార్థముతో గూడిన దళసరి గోడ గలదు. రోగి దగ్గినపుడు గాలిలోనికి వెడలిన మిక్కిలి చిన్న తుంపరలతో కూడి అది యితరుల ఊపిరితిత్తులలో ప్రవేశించును. ఈ.కోలై యను క్రిమి అనుకూలస్థితులలో 20 నిమిషముల కొకసారి రెండుగా చీలును. క్షయక్రిమియో యొకసారి చీలుటకు సుమారొక దినము పట్టును. ఇది మిక్కిలి నిదానముగా పెరుగునది. కనుకనే రోగమును నిదానముగా ముదురును, చికిత్సయు నెలల తరబడి సాగును.

ప్రతి జీవియందును దాని నిర్మాణమును, దాని పనులను నిర్దేశించు నొక శాసనము గలదు. దానినే డి.ఎన్.ఏ. అందుము. ఆ శాసనము ఏ, టి, జి, సి యను నాలుగక్షరములతోనే వ్రాయబడియుండును. మూడేసి యక్షరములు చేరి యొక మాటయగును. ఒక్కొక్క మాట ఒక్కొక్క అమైనో ఆమ్లమును సూచించును. అట్టి ఆమ్లములు వరుసగా గూడి మాంసకృత్తులగును. ఒక మాంసకృత్తును గూర్చిన వాక్యమునే జన్యువని పిలుతురు. క్షయక్రిమి శాసనమునంతయు 1998లో శాస్త్రజ్ఞులు చదివి ప్రకటించిరి. అందు సుమారు 44 లక్షల యక్షరములును, సుమారు 4,000 జన్యువులును గలవు.

క్రిమి రెండుగా చీలునపుడెల్ల ఈ 44 లక్షల యక్షరములకును ప్రతి వ్రాయవలసియుండును. పూర్వము తాటాకు గ్రంథములకు ప్రతులు వ్రాసిన లేఖకులు ఎంత జాగరూకులైనను, ఎచ్చటనో యొక యక్షరము జారెడిది. "పాలు" అని యుండవలసినచోట "రాలు" అని పడిన, మారినది యొక్క యక్షరమే. కాని బిడ్డకు పాలు పోయుమను వాక్యము రాలు పోయుమను వాక్యమైపోవును. క్రిమి చేయు వ్రాతపని మన లేఖకుల పనికంటె మిక్కిలి మేలైనది. వందలకొలది మార్లు సంపూర్ణముగా ప్రతి వ్రాసినగాని దానికొక్క తప్పు దొరలదు. అయినను క్రిములు కోట్లకొలది యున్నచోట తప్పులును విస్తారముగానే యుండును. ఇట్టి యక్షరదోషమునే ఉత్పరివర్తనమందురు. వీనిలో పెక్కు క్రిమికి నిరుపయోగములు, కొన్ని హానికరములు. ఎచ్చటనో యొక్కటి మాత్రము, ఒక మందు వచ్చి పైబడిన నాడు, దానిని గాపాడునదగును.

కొన్ని జాతుల క్రిములు మందును ఎదిరించు జన్యువులను ఒకదానినుండి యొకటి యెరువు దెచ్చుకొనును. క్షయక్రిమికి అట్టి యెరువు లేదు. దాని ప్రతిఘటన యంతయు తన స్వంత శాసనములోని వ్రాతతప్పుల వలననే కలుగుచున్నది. కావున ఈ విషయమును నేర్చుకొనుటకు దీనికంటె స్పష్టమైన యుదాహరణము లేదు. మూడు మందులను దీసికొని, ఏ యక్షరము మారిన నేమగునో పరిశీలింతము.

మొదటిది రిఫాంపిసిన్. క్రిమి తన శాసనములోని వాక్యములను పనికి వినియోగించుటకు ముందు వానిని చిత్తుప్రతులుగా ఎత్తి వ్రాసికొనును. ఈ పని చేయు యంత్రమునకు ఆర్.ఎన్.ఏ. పాలిమెరేజు అని పేరు. రిఫాంపిసిన్ ఈ యంత్రములోని యొక సందులో దూరి, మేకువలె నిలిచి, వ్రాతను ఆపివేయును. ఆ భాగమును నిర్మించు జన్యువునకు ఆర్.పి.ఓ.బి. అని పేరు. అందు 81 యక్షరముల చిన్న తునక యొకటి గలదు. రిఫాంపిసిన్‌కు లొంగని క్రిములను 100 పరీక్షించిన, సుమారు 95 క్రిములలో మార్పు ఈ 81 యక్షరములలోనే కనబడును. అందును మిక్కిలి తరచుగా గానవచ్చునది, టి-సి-జి యను మాట టి-టి-జి యగుట. ఒక్క "సి" పోయి "టి" వచ్చినది. దానిచే సెరీను ఉండవలసినచోట లూసీను వచ్చి, సందు ఆకారము మారును. మేకు అచ్చట నిలువదు. వ్రాతపని యథాప్రకారము సాగిపోవును.

రెండవది ఐసోనియజిడ్. దీని విధానము విచిత్రమైనది. ఈ మందు క్రిమిలో ప్రవేశించునపుడు నిరపాయముగనే యుండును. క్రిమిలోని క్యాట్.జి. యను జన్యువు నిర్మించు ఎంజైము దానిని మార్చి విషముగా జేయును. ఆ విషము మైనపుగోడ నిర్మాణమును చెరచగా క్రిమి చచ్చును. అనగా శత్రువు తన చేతితోనే కత్తికి పదును బెట్టి యిచ్చుచున్నాడన్నమాట. క్యాట్.జి. యందలి 315వ మాట ఏ-జి-సి కి బదులు ఏ-సి-సి యైనచో, ఆ ఎంజైము తన సహజమైన పనిని చాలవరకు చేసికొనుచునే, మందునకు పదును బెట్టుట మాత్రము దాదాపు మానివేయును. ఐసోనియజిడ్‌కు లొంగని క్రిములలో సగమునకు మించి ఈ యొక్క మార్పు గలవియే.

మూడవది స్ట్రెప్టోమైసిన్. ఇది మాంసకృత్తులను అల్లు రైబోసోము అను మగ్గమును పట్టుకొని నేత చెరచును. ఆ మగ్గములోని యొక భాగమును నిర్మించు జన్యువులో 43వ మాట ఏ-ఏ-జి కి బదులు ఏ-జి-జి యైన, మందునకు పట్టు దొరకదు. 44 లక్షల యక్షరములలో ఒక్కటి మారినంతనే, మనుష్యులు ఎన్నో యేండ్లు శ్రమించి సంపాదించిన యొక మందు ఆ క్రిమియెడల నీటితో సమానమగుచున్నది.

ఇక బాలుని మొదటి ప్రశ్న. ఈ మార్పు మందు తగిలిన పిమ్మట క్రిమి తన ప్రాణరక్షణకై చేసికొన్నదా? లేక మందు నెరుగకమునుపే యాదృచ్ఛికముగా కలిగియున్నదా? అమెరికాలో 1943లో సాల్వడార్ లూరియా, మాక్స్ డెల్బ్రక్ అను నిరువురు శాస్త్రజ్ఞులు ఈ.కోలై క్రిములను పెక్కు గొట్టములలో వేరువేరుగా పెంచి, పిదప వానిని చంపు వైరసులను పైని విడిచిరి. ఎదుర్కొనిన పిమ్మటనే క్రిములు నేర్చుకొనుచున్నచో, గొట్టములన్నిటిలోను బ్రదికినవాని సంఖ్య కొంచె మెచ్చుతగ్గుగా సమానముగనే యుండవలయును. కాని యట్లు జరుగలేదు. అనేక గొట్టములలో ఒక్కటియు బ్రదుకలేదు. కొన్నిటిలో మాత్రము గుంపులు గుంపులుగా బ్రదికినవి. కారణమేమనగా, ఆ గొట్టములలో మార్పు చాల ముందుగనే యొక క్రిమికి కలిగి, దాని సంతతి పెరిగియుండినది.

1952లో జాషువా లెడర్‌బర్గ్, ఎస్తేర్ లెడర్‌బర్గ్ దంపతులు ఇంకను సులభమైన నిదర్శనము చూపిరి. పళ్లెములో పెరిగిన క్రిముల గుంపులపై మఖమలు గుడ్డను అద్ది, రబ్బరుముద్ర వేసినట్లు ఆ గుడ్డను స్ట్రెప్టోమైసిన్ కలిపిన పళ్లెములపై నొత్తిరి. మందుగల పళ్లెములలో ఏ తావున క్రిములు బ్రదికెనో గుర్తించి, మందు సోకని మొదటి పళ్లెములో సరిగా అదే తావునుండి క్రిములను దీసి చూడగా, మందునకు లొంగనివి అచ్చట ముందుగనే యుండెను. వాని పూర్వులు సయితము మందును కన్నెత్తి చూచినవి కావు.

కావున జవాబు స్పష్టము. మందు మార్పును పుట్టింపదు. మారినదానిని ఏరి నిలుపును. మన యిండ్లలో తల్లులు బియ్యమును జల్లెడ పట్టుదురుగదా! నూకలు క్రింద పడును, పెద్ద రాళ్లు పైన నిలుచును. జల్లెడ ఆ రాళ్లను పుట్టించినదని ఎవ్వరును అనరు. రాళ్లు బియ్యములో ముందే యుండినవి. కాని జల్లెడ పట్టినకొలది పైన మిగులునవి రాళ్లే. ఒక్క మందుతో చికిత్స చేయుట యట్టి జల్లెడ పట్టుటయే.

ఈ పాఠమును మనుష్యులు గ్రంథములలోగాక రోగుల పడకల యొద్దనే నేర్చుకొనిరి. స్ట్రెప్టోమైసిన్ 1943లో అమెరికాలోని రట్గర్స్ విద్యాసంస్థలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలయందు ఆల్బర్ట్ షాట్జ్ చేత కనుగొనబడెను. అంతకు పూర్వము క్షయకు విశ్రాంతి, స్వచ్ఛమైన గాలి, మంచి యాహారము ఇవియే ముఖ్యాధారములు. మన తెలుగుదేశమున మదనపల్లె చెంత ఆరోగ్యవరములో 1915లో ప్రారంభమైన క్షయ చికిత్సాలయము అట్టి కాలములోనే వెలసినది.

బ్రిటను దేశమున వైద్యపరిశోధక మండలివారు కొత్తమందును పరీక్షించి 1948లో ఫలితములు ప్రకటించిరి. స్ట్రెప్టోమైసిన్ ఇచ్చిన 55 మందిలో ఆరు నెలలలో మరణించినవారు 4గురు. విశ్రాంతి మాత్రమే యిచ్చిన 52 మందిలో మరణించినవారు 14గురు. లోకమంతయు సంతసించెను. కాని ఆ సంతోషము నిలువలేదు. కొన్ని నెలలలోనే యనేక రోగుల కఫములోని క్రిములు మందునకు లొంగకపోయెను. ఐదేండ్ల పిమ్మట చూడగా ఇరువర్గములలోను సగమునకు మించినవారు గతించియుండిరి. రెండు వర్గములకును గల యంతరము స్వల్పమయ్యెను.

అప్పుడు స్వీడను దేశీయుడగు యోర్గెన్ లేమన్ కనుగొనిన పి.ఏ.ఎస్. అను మందును స్ట్రెప్టోమైసిన్‌తో గలిపి యిచ్చిచూచిరి. 1950 నాటికి, రెండును గలిపి వాడినచో మొండిక్రిములు చాల తక్కువగా పుట్టుచున్నవని తేలినది. 1952లో ఐసోనియజిడ్ వచ్చెను. 1956లో మద్రాసు నగరమున క్షయచికిత్సా పరిశోధన కేంద్రము స్థాపింపబడెను. అచ్చట 193 మంది రోగులను రెండు భాగములుగా జేసి, కొందరిని చికిత్సాలయమునను, కొందరిని వారి వారి యిండ్లలోను ఉంచి, ఐసోనియజిడ్, పి.ఏ.ఎస్. రెండును ఒక సంవత్సరము ఇచ్చిరి. ఇరుకు గుడిసెలలో నుండి కడుపునిండ తిండిలేనివారు సయితము మందులు సరిగా మ్రింగినచో చికిత్సాలయము నందలి వారితో సమానముగా బాగుపడుదురని 1959లో ప్రకటింపబడెను. ఇది లోకమునందలి క్షయచికిత్సా విధానమునే మార్చివేసినది. ఆ కేంద్రమే నేడు చెన్నైలో జాతీయ క్షయ పరిశోధన సంస్థగా వ్యవహరింపబడుచున్నది.

రెండు మందులు కలిసిన నేల అంత మేలు? ఇది గణితశాస్త్రము చేతనే తెలియును. విద్యార్థులు కాగితము దీసికొని స్వయముగా లెక్కింపవలయును. క్షయ ముదిరిన ఊపిరితిత్తిలో పుండుపడి గూడుకట్టిన యొక్క తావున 10 కోట్ల క్రిములు ఉండవచ్చును. సుమారు లెక్కగా, ఐసోనియజిడ్‌కు లొంగనిది 10 లక్షలలో ఒకటి. రిఫాంపిసిన్‌కు లొంగనిది 10 కోట్లలో ఒకటి. ఆ గూటిలో మందు వేయకమునుపే ఐసోనియజిడ్‌ను లెక్కసేయని క్రిములు 100 గలవన్నమాట. రిఫాంపిసిన్‌ను లెక్కసేయనిది ఒకటి గలదు.

ఐసోనియజిడ్ ఒక్కదానినే యిచ్చితిమనుకొందము. తక్కిన క్రిములన్నియు చచ్చును. దగ్గు తగ్గును, జ్వరము విడుచును, రోగి లేచి తిరుగును. కాని ఆ 100 మిగులును. 100 క్రిములు 20 మార్లు రెట్టింపైన మరల 10 కోట్లు దాటును. అనుకూలస్థితిలో దినమున కొకసారి రెట్టింపగు క్రిమికి ఇది యెంతకాలపు పని? అడ్డంకులెన్ని యున్నను అది నెలల పనియేగాని యేండ్ల పని కాదు. ఈమారు ఆ గూటిలోనున్నవన్నియు మొండివే.

రెండును గలిపి యిచ్చినచో ఐసోనియజిడ్‌ను దప్పించుకొను 100 క్రిములను రిఫాంపిసిన్ చంపును. రిఫాంపిసిన్‌ను దప్పించుకొను నొక్కదానిని ఐసోనియజిడ్ చంపును. రెండింటిని దప్పించుకొనుటకు ఒకే క్రిమియందు రెండు వేరువేరు వ్రాతతప్పులు పడవలయును. 10 లక్షలను 10 కోట్లతో హెచ్చించిన కోటి కోట్లు. కోటి కోట్లలో ఒకటి! గూటిలో నున్నవి 10 కోట్లే. అట్టి క్రిమి, ఈ లెక్క ప్రకారము, 10 లక్షల గూళ్లు వెదకిన ఒక్కదానిలో దొరకవచ్చును. కాబట్టియే నేడు మన దేశమున సాధారణ క్షయకు మొదటి రెండు నెలలు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పిరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అను నాలుగు మందులును, తరువాత నాలుగు నెలలు పిరజినమైడ్ గాక తక్కిన మూడును ఇచ్చుచున్నారు. రోగి యొకదానిని మ్రింగి యొకదానిని విడువకుండునట్లు వానిని ఒకే మాత్రలో కూర్చుచున్నారు.

ఇచ్చట నొక సందేహము కలుగును. క్రిములు తొలి వారములలోనే యధికభాగము చచ్చుచుండగా ఆరు నెలలేల? కొన్ని క్రిములు పెరుగుట మాని నిద్రించునట్లు పడియుండును. వానికి వ్రాతతప్పేమియు లేదు. నిద్రలో నున్నందున మందు వానికి త్వరగా సోకదు. వానిని కనిపెట్టి చంపుటకు కాలము పట్టును. మందులన్నియు ఒక్కమారుగా మానివేసినచో లేచి వచ్చునవి తరచుగా ఈ నిద్రించినవే. అవి మందునకు ఇంకను లొంగునవే కావచ్చును. కాని రోగము తిరుగబెట్టి ఇతరులకు అంటును. అంతకంటె నపాయకరమైనది, ఒకటి మ్రింగి మరొకటి విడుచుట, నాలుగు దినములు మ్రింగి పది దినములు మానుట, నాసి మందులు వాడుట. అప్పుడు జల్లెడ పనిచేయుటకు ఆరంభించును. వెనుకటి చికిత్స ఫలింపనప్పుడు ఒక్క కొత్తమందును మాత్రము చేర్చుట సయితము తప్పే. పాతవి పనిచేయకున్న ఆ కొత్తది యొంటరిదై, దానికి లొంగని క్రిములను ఏరి నిలుపును.

ఇట్లు ఒక్కొక్క మెట్టే యెక్కి, ఐసోనియజిడ్, రిఫాంపిసిన్ రెండింటికిని లొంగని క్రిములు పుట్టినవి. అట్టి రోగమును బహుమందులకు లొంగని క్షయ యందురు. మందు మానినచో ఈ మార్పులు తమంతట తాము నశింపవా యని యడుగవచ్చును. మారిన క్రిమి మొదట కొంత బలహీనముగా పెరుగుట నిజమే. కాని కాలక్రమమున మరియొక జన్యువులో మరియొక మార్పు కలిగి, ఆ బలహీనతను పూడ్చును. ఒకమారు ఊరిలో నిలిచిన మొండిక్రిమి సులభముగా తొలగిపోదు.

దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నాటాల్ రాష్ట్రమున టుగెలా ఫెర్రీ యను గ్రామమున జరిగిన సంగతి 2006లో లోకమునకు తెలిసినది. అప్పటికి వాడుకలోనున్న ముఖ్యమైన మందులలో అధికభాగమునకు లొంగని క్షయ 53 మందికి సోకగా, వారిలో 52 మంది మరణించిరి. వారిలో పెక్కుమంది హెచ్.ఐ.వి. చేత ముందే బలహీనులు. మనము ముఖ్యముగా గమనింపదగిన దేమనగా, ఆ 53 మందిలో సగమునకు మించినవారు అంతకుమున్ను క్షయకు మందే మ్రింగియుండలేదు. వారు తప్పుగా మందు వాడినవారు కారు. ఎచ్చటనో, ఏనాడో మారిన క్రిమి గాలిద్వారా వారిని జేరినది. పిమ్మట శాస్త్రజ్ఞులు ఆ క్రిముల శాసనములను జదివి, వాని పూర్వులలో మొదటి మార్పు 1950ల దశాబ్దమునందే కలిగియుండునని లెక్కగట్టిరి. ఒకదానిపై నొకటిగా తప్పులు ప్రోగగుటకు నలుబదియేండ్లు పట్టినది. చంపుటకు వారములు చాలినవి.

కొత్తమందు లేదా యని నిరాశ చెందనక్కరలేదు. బెడాక్విలిన్ అను సరికొత్త తరగతి మందు 2012లో అమెరికాలో ఆమోదింపబడెను. దానితో కూడిన నాలుగు మందులచేత, బహుమందులకు లొంగని క్షయనుగూడ ఆరు నెలలలో నయము చేయవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సలహా యిచ్చినది. పూర్వము ఇట్టివారికి ఒకటిన్నర రెండేండ్లు కఠినమైన చికిత్స, నెలల తరబడి సూదిమందులును తప్పెడివి కావు. కాని బెడాక్విలిన్‌ను సయితము బయటికి తోడివేయు క్రిములు అప్పుడే కనబడినవి. వానియందును కారణము వ్రాతతప్పే: క్రిమి దేహములోని తోడుయంత్రములను అదుపులోనుంచు నొక జన్యువు చెడి, ఆ యంత్రములు మితిమీరి పనిచేయును. కావున కొత్తమందు మన పాత అజాగ్రత్తకు విరుగుడు కాజాలదు.

వేరొక మేలైన సాధనము గలదు. పూర్వము క్రిమిని పళ్లెములో పెంచి, ఏ మందునకు లొంగునో చూచుటకు వారములు, నెలలు పట్టెడిది. ఆ 81 యక్షరములు తెలిసిన పిమ్మట, కఫములోని క్రిమి జన్యువును యంత్రములో బెట్టి ఆ తునకను మాత్రము చదువుట సాధ్యమైనది. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించిన అట్టి పరీక్షచేత క్షయ యున్నదా, రిఫాంపిసిన్‌కు లొంగునా యను రెండు సంగతులును సుమారు రెండు గంటలలో తెలియును. ముందుగనే ఐసోనియజిడ్‌కు లొంగని క్రిమి గలవానికి ఆ రెండు మందులే యిచ్చినచో, పేరునకు రెండైనను నిజముగా పనిచేయునది ఒక్కటే. కనుక పరీక్ష చేయించుకొని చికిత్స మొదలిడుట సర్వవిధముల శ్రేయస్కరము.

ఇక మన విద్యార్థులు ఇంటికి తీసికొనిపోవలసిన మాటలు కొన్ని గలవు. రెండు వారములు గడచినను విడువని దగ్గు ఉన్నవారిని కఫపరీక్షకు పంపవలయును; ప్రభుత్వ వైద్యశాలలలో పరీక్షయు మందులును ఉచితము. ఒకరి మందు మరియొకరు వాడరాదు. దగ్గు తగ్గినదని మానరాదు. రిఫాంపిసిన్ మ్రింగువారికి మూత్రము నారింజ ఎరుపు వర్ణమున రావచ్చును; రక్తమని భయపడి యెందరో మందు మానుదురు, అది మందు రంగే. కన్నులు పచ్చబడుట, చూపు మందగించుట, విడువక వాంతులగుట మొదలగునవి కనబడిన దాచక వెంటనే వైద్యునకు తెలుపవలయును; తమంతట తామే మందు మానుటయు, సగము మ్రింగుటయు కూడదు. అన్నిటికంటె ముఖ్యముగా, రోగిని వెలివేయరాదు. వెలికి భయపడినవాడు రోగము దాచును. దాచినవాడు మందులు సరిగా మ్రింగజాలడు.

ఇప్పుడా బాలుని రెండవ ప్రశ్నకు వత్తుము. నాయనా! క్రిమి శాసనములో అక్షరము మారుట ఎవ్వరి తప్పును కాదు. అది మీ నాయనగారు మందు ముట్టకమునుపే జరిగియుండవచ్చును. వారికి సోకినపుడే ఆ క్రిమి మారియుండవచ్చును. కూలికి పోనిదే పూట గడువని మనుష్యుడు, ఒంట్లో కులాసాగా నున్న నాడు వైద్యశాలకు పోక పనికి పోయెనేని, దానిని నేరమనుటకు మాకు నోరు రాదు. ఆ దినమున మాత్ర అతని యింటికి చేరునట్లు చూచుట అతని యొక్కని భారము కాదు; ఇరుగుపొరుగు వారిది, వైద్యశాలది, మన యందరిది. మార్పు మన చేతిలో లేదు. జల్లెడ మాత్రము మన చేతిలో నున్నది.

ఆ తండ్రికి జన్యుపరీక్ష జరిగి, ఏ మందునకు క్రిమి లొంగదో తెలిసి, తగిన మందులు ప్రారంభింపబడినవి. మేమీ వ్యాసము వ్రాయునాటికి చికిత్స ఇంకను సాగుచునే యున్నది. ప్రతిదినమును తండ్రి మాత్రలు మ్రింగిన వెంటనే గోడనున్న క్యాలెండరుపై ఆ తేదీని కొట్టివేయు పనిని ఆ బాలుడే పూనుకొనినాడు. ఇంతవరకు ఒక్క తేదీయు విడువలేదని మొన్న మాతో చెప్పెను.